అల్లెతాడులో నాలుగు ముడులు

పోయిన వారం మా బడికి ఒక పార్సెలు వచ్చింది. కుప్పంలో నేను పనిచేసే బడిలో ఈమధ్య పిల్లలకు బాణాలు వేయడం నేర్పుతున్నారు. వచ్చిన సామాను విప్పి బీరువాలో సర్దే పని నాది. అట్టపెట్టె నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు, ఒక్కో కవరులో ఒక్కో వింటితాడు. నేర్పించే కుర్రాడు వచ్చి, "పాతవన్నీ పారేయండి మేడం, కొత్తవి వచ్చేశాయి కదా" అని చెప్పి పోబోయాడు. నేను ఒక కవరు చించి తాడు చేతిలోకి తీసుకున్నాను. మధ్యలో బాణం కూర్చునే చోట చుట్టిన దారం మీద బొటనవేలు పెట్టి రుద్దాను. యంత్రం చుట్టిన చుట్టు, వంక పెట్టడానికి లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. తేనెమైనం వాసన లేదు. అసలు ఏ వాసనా లేదు. ఆ కుర్రాడు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. తాళ్లను వాసన చూసే ఆఫీసు మేడాన్ని అతను ఎన్నడూ చూసి ఉండడు.

నాకు తెలిసిన తాళ్లకు వాసన ఉండేది. మైనం వాసన, దాని కింద మా ఇంటి వాసన. మాది మదనపల్లెలో పట్టుచీరలు నేసే ఇల్లు. ముందుగదిలో రెండు మగ్గాలు, వాటి కింద రెండు గుంటలు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే మా నాయన నడుము నుంచి పైకి మాత్రమే కనిపించేవాడు. చాలా చిన్నప్పుడు నేను మా నాయన అంతే ఉంటాడనుకునేదాన్ని, నవ్వకండి. తడిపట్టు వాసన, గోడ సున్నం వాసన, వంటింట్లోంచి అమ్మ దంచే ఊరిబిండి పచ్చడి వాసన, అన్నీ కలిసి ఆ గదిలోనే తిరిగేవి. వీధి అంతా మగ్గాల చప్పుడే. ఎవరి ఇంట్లోనైనా చప్పుడు ఆగితే ఏమైందోనని పక్కింటివాళ్లు తొంగిచూసేవారు.

మా ఇంట్లో పోగు పారేయడం అన్నది లేదు. మగ్గం మీద తెగితే నాయన రెండు కొసలు పట్టుకుని, వేళ్లు ఇలా కదిపితే అలా ముడి పడిపోయేది. చీర కొనేవాళ్లు దీపం పెట్టి వెదికినా అది దొరికేది కాదు. అతకడానికి కూడా పనికిరాని తుంటలను అవ్వ ఒక దుత్తలో వేసి దాచేది. వీధిలో ఎవరికైనా బిడ్డ పుడితే వాటిని పురిపెట్టి మొలతాడు పేనేది. ఆ వీధిలో మా దుత్త దారం కట్టుకోకుండా పెరిగిన పిల్లలు తక్కువ. దారం మీద కాలు పెడితే మాత్రం అవ్వ చెయ్యి లేచేది. నా వీపుకు ఆ సంగతి బాగా తెలుసు.

అలాంటి ఇంట్లోకి మా అన్న ఒకరోజు తెల్లటి దారపు ఉండ, రెండు మేకులు కొట్టిన పొడుగాటి చెక్క పట్టుకుని వచ్చాడు. అన్న అప్పుడు తొమ్మిదో తరగతి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. వాళ్ల హైస్కూలు డ్రిల్లు అయివారు ఎక్కడెక్కడో తిరిగి నాలుగు వెదురు విళ్లు, ఒక మంచి చెక్కవిల్లు సంపాదించారు. చెక్కవిల్లు అన్నకు బాగా కుదిరింది. కానీ తాళ్లు కొనివ్వడానికి బడిలో దిక్కులేదు. ఎవరి తాడు వాళ్లే ఇంట్లో చేసుకోవాలని, తెగకుండా చూసుకోవాలని అయివారి ఆజ్ఞ.

అన్న ఆ రెండు మేకుల చుట్టూ దారం తిప్పడం మొదలుపెట్టాడు. నాయన మగ్గం ఆపి తల పైకెత్తాడు.

"ఏమప్పా, పడుగు తోడుతాండావా?"

"కాదు నాయనా, విల్లుకు తాడు. పద్నాలుగు పోగులుండాల."

"పద్నాలుగే? సీర కొంగుకు గూడా రాదే." నాయన నవ్వి మళ్లీ నేతలో పడ్డాడు. పది నిమిషాలు గడిచాయో లేదో, గుంటలోంచి లేచి వచ్చి అన్న పక్కన గొంతుక్కూర్చున్నాడు.

ఆ తరువాత మా ఇంట్లో తాడు చేయడమంటే ముగ్గురి పని. పద్నాలుగు పోగులు ఒకే బిగువులో ఉండేలా తిప్పడం నాయన వంతు. కట్టను మైనంతో రుద్ది, చెప్పు తోలు ముక్కతో వేడెక్కేదాకా సాది, చివర ఉచ్చులు చేయడం అన్న వంతు. పైచుట్టు నాది. బాణం గాడి, వేళ్లు, రెండూ రాసుకునే చోటు తాడుకు నడుములాంటిది. అక్కడ వేరే దారాన్ని జానెడు పొడవున దగ్గరదగ్గరగా చుట్టాలి. చేత్తో చుడితే బిగువు చాలదు. అందుకని నాయన, మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడె పాతది ఒకటి తీసి, చిల్లు పొడిచి, లోపల దారం చుట్టిన కండె పెట్టి నాకిచ్చాడు. బిగించి కట్టిన తాడు చుట్టూ ఆ నాడెను గిరగిరా తిప్పితే, దాని బరువుకే దారం బిగుసుకుంటూ చుట్టుకునేది. చివర ముడి ఉండదు. కొసను చుట్ల కిందికే దూర్చి లాగెయ్యాలి. ముడి లేకుండా దారం నిలబడడం చూసి నాయన చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

నేను మొదటిసారి చుట్టింది ఒక్క పూటలో వదులైపోయింది. అన్న కస్సుమన్నాడు. నాయన మాత్రం తాడు మీద మూడు వేళ్లు వేసి, లాగి, వదిలి, మళ్లీ లాగి చూసి, "బిడ్డను యాల తిడతావు? నీ ఏళ్లు ఏ పక్కకు జారతాండాయో ఆ పక్కకే ఇప్పుకుంటాండాది. తిరగేసి చుట్టమ్మా" అన్నాడు. తిరగేసి చుట్టాను, నిలిచింది. విల్లు పట్టుకోవడం కూడా రాని మనిషి, దారాన్ని చూసి విల్లు సంగతి చెప్పేశాడు. ఆ రోజు మా నాయనకు తెలియనిది లోకంలో లేదనుకున్నాను.

మైనం హార్సిలీ కొండ దిక్కు నుంచి తేనె అమ్మేవాళ్లు తెచ్చేవారు. ముద్దలో అక్కడక్కడా తేనె మిగిలి ఉండేది. తాడుకు రుద్దమని ఇస్తే సగం నేను నమిలేసేదాన్ని. ఒకసారి అన్న లేనప్పుడు వెదురువిల్లుకు చీపురుపుల్ల ఎక్కించి వదిలాను. అది మిద్దె మీద ఎండబెట్టిన అప్పడాల్లో దిగబడింది. అవ్వ ఆ అప్పడం పట్టుకుని వీధి వీధంతా చూపించింది. "అర్జునుడు పుట్టినాడమ్మా మా ఇంట్లో, అప్పడాలను సంపేకి" అని. వారం రోజులు నా పేరు మాయమై అర్జునుడే మిగిలాడు.

రోజూ పొద్దున సంగటి ముద్ద దిగకముందే అన్న తాడు తనిఖీ జరిగేది. వెలుతురుకు పట్టి, నూగు లేచిందా, పోగు పొంగిందా అని చూసేవాడు. విల్లుకు ఎక్కించి, పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెట్టి, తాడుకూ విల్లుకూ మధ్య ఎడం కొలిచేవాడు. తక్కువైతే తాడు విప్పి నాలుగు మెలికలు ఎక్కువ వేసేవాడు. సాయంత్రం తాడు దించి మగ్గం గదిలో మేకుకు తగిలించేవాడు. అమ్మ ఎప్పుడైనా దాన్ని కొంచెం పక్కకు జరిపి తువ్వాలు ఆరేస్తే ఇంట్లో యుద్ధమే.

అయివారిది రామసముద్రం దిక్కు. ఒక ఆదివారం సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. అమ్మ సంగటీ ఊరిబిండీ పెట్టింది. ఆయన తింటూ మా తాడు చూసి మెచ్చుకున్నారు, నాడె చూసి ఆశ్చర్యపోయారు. లేచేముందు అన్నతో, "ఒకటి గుర్తు పెట్టుకో. ఒక్క పోగు తెగినా తాడు పారేయాల" అన్నారు.

నాయన ముఖం మారింది. "పోగు తెగితే అతకాల గానీ పారేసేదేంది సార్? మా అబ్బ కాలం నుంచి మేం పోగు పారేసినోళ్లం కాము."

"ఇది సీర కాదప్పా. తెగితే మొగం మీదికొస్తాది."

"నేనేసిన ముడి ఊడేది ఉండదు సార్."

"నీ ముడి నీ సీరకే పెట్టుకోప్పా." అయివారు నవ్వుతూనే అన్నారు. నాయన నవ్వలేదు. ఆయన పోయాక చాలాసేపు మగ్గం చప్పుడు గట్టిగా వినిపించింది.

మరుసటి ఏడు పుంగనూరులో ఎంపిక పోటీలు పెట్టారు. అందులో నెగ్గితే క్రీడల హాస్టల్లో సీటు వస్తుంది. తిండి, బట్ట, చదువు అంతా అక్కడే. నాయనకు ఆ సీటు మీద ఉన్న ఆశ అన్నకు కూడా లేదు. అప్పటికే ఆయన మోకాళ్లు వాచి, గుంటలోంచి లేవడానికి అమ్మ చెయ్యి అందుకోవాల్సి వచ్చేది. "ఈ గుంటలో నా కాళ్లు సాలు. వాడు దిగకూడదు" అని అమ్మతో అనేవాడు. రెండో మగ్గం అప్పటికే ఖాళీగా ఉంది. దాని ముందు ఎవరు కూర్చోవాలో ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా అందరికీ తెలుసు. సీటు రాకపోతే అన్నే.

పోటీలకు రెండు తాళ్లు తయారుగా ఉన్నాయి. ఒకటి పాతది, అన్న చేతికి అలవాటు పడ్డది. ఇంకొకటి ఆ వారమే చేసిన కొత్తది, ఇంకా సాగుతూ ఉంది. పాతదానితోనే వేస్తానని అన్న నిర్ణయించుకున్నాడు. ప్రయాణానికి ముందురోజు బడి నుంచి వచ్చి, "పైచుట్టు అరిగింది, మార్చి పెట్టు పాపా" అని తాడు నాకిచ్చి, విల్లు తెచ్చుకోవడానికి అయివారి దగ్గరికి పోయాడు.

నేను కిటికీ దగ్గర కూర్చుని పాతచుట్టు విప్పాను. బాణం గాడి కూర్చునే చోట పోగులు పైకి లేచి ఉన్నాయి. మైనం గోకి చూస్తే నాలుగు తెగి ఉన్నాయి. పద్నాలుగులో నాలుగు. పైచుట్టు కప్పేయడం వల్ల అన్నకు కనబడలేదు. నేను తాడు తీసుకుని నాయన దగ్గరికి పోయాను.

నాయన చూశాడు. గుంటలోంచి లేవలేదు. "ఇట్లియ్యి" అని, తాడును మగ్గం మీదే పరుచుకున్నాడు.

"అన్నకు చెప్దాం నాయనా. కొత్తది ఉండాది కదా."

"చెప్తే వాని మనసు చెడతాది. వానికి దీని మీదే చెయ్యి కుదిరింది." అప్పటికే ఆయన వేళ్లు కదులుతున్నాయి. పొట్టిబడిన పోగుకు అదే దారం తుంట ఒకటి కలిపి, మైనం తగిలించి, ఒక్కో పోగే అతికాడు. నాలుగు ముడులు. ఒక్కోదాన్నీ నొక్కి సమం చేశాడు. తరువాత తాడు నాకిస్తూ, "సూడు, యాడుండాదో చెప్పు" అన్నాడు. చేత్తో తడిమాను, కనుక్కోలేకపోయాను. ఆయన ముఖంలో ఎంత సంతోషం కనిపించిందో చెప్పలేను. అయివారు మా ఇంట్లో సంగటి తిని చెప్పిన మాటకు అదీ ఆయన జవాబు. "చుట్టెయ్యమ్మా" అన్నాడు. నేను నాడె తీసుకుని చుట్టేశాను. అంత నున్నటి చుట్టు నేను మళ్లీ ఎప్పుడూ చుట్టలేదు.

పుంగనూరులో మా పిన్నమ్మ ఇల్లు ఉంది. ఆ వంకతో నేనూ బస్సెక్కాను. అమ్మ దారిలో తినడానికి ఓలిగలు కట్టి ఇచ్చింది. నాయనకు చీర దించే తొందర, రాలేదు. బస్టాండు దాకా వచ్చి కిటికీ దగ్గర నిలబడి, అన్నతో కాకుండా నాతో, "జాగ్రత్తగా సూసుకో" అన్నాడు.

కాలేజీ మైదానంలో సున్నంతో గీతలు గీశారు. చాలా ఊళ్ల పిల్లలు వచ్చారు. పొద్దున అన్న తాడు వెలుతురుకు పట్టి చూశాడు. చుట్టు మీద బొటనవేలు పెట్టి రుద్ది, నా వైపు చూసి బాగుందన్నట్టు తల ఊపాడు. నేను తల దించుకున్నాను. సిగ్గనుకుని ఉంటాడు.

మొదటి మూడు బాణాలూ గురి నడిమధ్య పసుపురంగులో దిగాయి. తరువాతి మూడింటిలో రెండు. అయివారు చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. పక్కన ఎవరో "మదనపల్లె పిల్లోడిదే సీటు" అన్నారు. నేను తాడు మీది నుంచి చూపు తిప్పలేదు. ఏడో బాణం ఎక్కించి, అన్న తాడు గడ్డం దాకా లాగాడు. అప్పుడు చిన్న చప్పుడు. పెంకు పగిలినట్టు. విల్లు పైకొమ్మ విరిగి పక్కకు వేలాడింది. తాడు కొస తిరిగి వచ్చి అన్న కనుబొమ్మను చీల్చింది. అన్న కూర్చుండిపోయాడు. చేతులు తీస్తే ముఖమంతా నెత్తురు.

కంటికి ఏమీ కాలేదు, బొమ్మ మీదే తెగింది. కట్టు కట్టారు. ఆ విల్లు లాంటిది ఇంకొకటి లేదు. వెదురువిల్లుతో అన్న మళ్లీ నిలబడ్డాడు, ఒక్క బాణమూ కుదరలేదు. అయివారు దగ్గరికి వచ్చి కోపం లేకుండానే అడిగారు.

"తాడు సూసుకోలేదా రా?"

"సూసుకోలేదు సార్. నాదే తప్పు."

పిన్నమ్మ ఇంటికి పోయే దారిలో ఒక అరుగు మీద కూర్చుని, అన్న జేబులోంచి తెగిన తాడు తీశాడు. పైచుట్టు గోరుతో లేపి విప్పాడు. నేను పక్కనే ఉన్నాను, పారిపోలేకపోయాను. లోపల నాలుగు ముడులూ ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు. ఒక్కటీ జారలేదు. ప్రతి ముడి పక్కనా గింజెడు దూరంలో పోగు తెగి ఉంది. మగ్గం మెల్లగా లాగుతుంది, అక్కడ ముడికి ఏమీ కాదు. విల్లు ప్రతి బాణానికీ తాడును ఝాడించి కొడుతుంది. ఆ దెబ్బకు పోగు ముడి మొదట్లో కోసుకుపోయింది. ఆ నాలుగూ పోయాక మిగతావాటికి బరువు ఆగలేదు. ఇదంతా నేను తరువాత ఆలోచించి తెలుసుకున్నాను. అన్నకు ఆ అరుగు మీదే తెలిసింది. ఆ ముడి వేసే చెయ్యి మా ఇంట్లో ఒక్కటే ఉంది.

అన్న తాడును ఉండచుట్టి గుప్పిట్లో పెట్టుకున్నాడు. తరువాత నా వైపు తిరగకుండా, "నాయన అడిగితే తాడు ఈడే పారేసినామని చెప్పు. ముడి మాట ఎప్పుడూ ఎత్తొద్దు పాపా" అన్నాడు. నేను ఏడుస్తూ తల ఊపాను. పిన్నమ్మ ఇంటి వెనక కాలవలో అన్న ఆ తాడు పారేశాడు.

ఇంటికి రాగానే నాయన అన్న కట్టు చూశాడు, తరువాత నా చేతులు చూశాడు. "తాడేదప్పా?" అన్నాడు.

"ఆడే పారేసినా నాయనా. నేను సరిగ్గా సూసుకోలేదు."

నాయన ఇంకేమీ అడగలేదు. ఆ రోజు రెండో మగ్గం మీది దుమ్ము ఆయనే తుడిచాడు. పది పరీక్షలు రాయగానే అన్న గుంటలో దిగాడు. మంచి నేతగాడే అయ్యాడు. విల్లు మాట మళ్లీ ఎత్తలేదు.

మారింది నాయనే. అంతకుముందు ముడి వేస్తే వెనక్కి చూసేవాడు కాదు. ఆ తరువాత వేసిన ప్రతి ముడినీ రెండు వైపులా లాగి చూసేవాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆయన మగ్గం చప్పుడు మాటిమాటికీ ఆగేది. పక్కింటివాళ్లు తొంగిచూసేవారు. వంట చేస్తుంటేనో, తల దువ్వుకుంటుంటేనో నా దగ్గరికి వచ్చి, "ఆ తెల్లదారం నున్నగా ఉంటాది కదా పాపా, ముడి జారతాదంటావా?" అనేవాడు. నేను ఏదో పనున్నట్టు లేచిపోయేదాన్ని. అన్నకు మాట ఇచ్చాను. మాట తప్పకపోవడమే గొప్ప అనుకునే వయసు.

తరువాత కరెంటు మగ్గాలు వచ్చాయి. వీధిలో చప్పుడు మారింది, తరువాత చాలా ఇళ్లలో అది కూడా ఆగింది. అన్న మగ్గం వదిలి టమోటా మండీలో పనికి కుదిరాడు. అవ్వ పోయింది, దుత్తతో పనీ పోయింది. నాకు పెళ్లయి కుప్పం వచ్చాను. గుంటలు రెండూ మట్టివేసి పూడ్చి, పైన సిమెంటు వేయించారు. నాయన మంచం సరిగ్గా అక్కడే వేశారు.

ఆయనకు జబ్బు ముదిరిందంటే చూడడానికి పోయాను. మధ్యాహ్నం అమ్మ వంటింట్లో ఉంది. నాయన దుప్పటి అంచులో వేలాడే పోగులు రెండు పట్టుకుని వేళ్లతో మెలిపెడుతున్నాడు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు. గొంతు సరిగ్గా రావడం లేదు.

"పాపా, ఒకటి చెప్పు. ఆ పొద్దు ఆ ముడులు ఊడినాయా, నిలబడినాయా?"

ఇన్నేళ్లలో ఆయన సూటిగా అడగడం అదే మొదటిసారి. అరుగు మీద అన్న ముఖం గుర్తొచ్చింది. "ఏ ముడులు నాయనా?" అన్నాను.

నాయన నా ముఖం కాసేపు చూశాడు. "ఏం లేదులే" అని గోడ వైపు తిరిగాడు. మూడో రోజు పోయాడు.

కర్మ అయ్యాక, చుట్టాలందరూ వెళ్లిపోయాక, ఈ సంగతి అన్నకు చెప్పాను. నా మాట నిలబెట్టుకున్నానని చెప్పుకోవడానికే చెప్పానేమో, ఆ కాస్త గర్వం కూడా ఉండిందేమో. అన్న చెయ్యి కనుబొమ్మ మీదికి పోయింది. ఆ మచ్చను తడుముతూ అన్నాడు.

"నాలుగూ నిలబడినాయని చెప్పేదానివి కదా పాపా. ఒక్కటీ ఊడలేదని. ఆయన అడిగింది అంతే కదా."

అంతే. తన ముడి వల్ల తాడు తెగిందా అని నాయన అడగలేదు. అది ఆయనకు ఆ రోజే తెలిసిపోయి ఉంటుంది. తన చెయ్యి తప్పిందా అని అడిగాడు. దానికి నా దగ్గర మంచి జవాబు ఉంది, నిజమైన జవాబు, నా కళ్లతో చూసిన జవాబు. అన్న దాచమన్నది తాడు తెగిన కారణాన్ని, ఈ జవాబును కాదు. ఆ రెండూ వేరని నాకు ఆ మధ్యాహ్నం తోచలేదు. ఇప్పుడు బస్సులో కూర్చున్నప్పుడూ, సంగటి కెలుకుతున్నప్పుడూ ఆ జవాబు నోటిదాకా వస్తుంది. నిలబడినాయి నాయనా, నాలుగూ నిలబడినాయి. వినాల్సిన మనిషి లేడు.